గీతల ఆకాశంలో

ఇంట్లో బల్ల ముందు కూర్చుని విమానం నడిపే అభిరుచి 1980 ప్రాంతంలో పుట్టింది. పాతికేళ్లపాటు దానికంటూ ఒక జీవితం ఉండేది. ఆ జీవితంలో కంప్యూటర్ ఒక భాగం మాత్రమే. దాని పక్కన మడతలు పడిన మ్యాపు, కోణమానిని, స్కేలు, పెన్సిలు, సెకన్ల ముల్లున్న గడియారం ఉండేవి. తెర మీద కనిపించేవి నాలుగు గీతలు. మిగిలిన నేలనూ ఆకాశాన్నీ నడిపేవాళ్లే ఊహించుకోవాలి, లెక్క కట్టుకోవాలి. ఇప్పుడు అదే పేరుతో అమ్ముడవుతున్న సాఫ్ట్‌వేర్‌లో ఊరి చివరి చెట్లు కూడా కనిపిస్తాయి. బల్ల మీది సరంజామా మాత్రం ఇంచుమించు కనుమరుగైంది. బొమ్మ పేదగా ఉన్నంత కాలం ఆ లోటును విద్యతో పూడ్చుకోవలసి రావడమే ఈ అభిరుచికి రుచి తెచ్చింది.

నేల మీద కూర్చోబెట్టి ఎగరడం నేర్పే ఆలోచన కంప్యూటర్ కంటే పాతది. న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్టన్‌లో ఎడ్విన్ లింక్ తండ్రికి పియానోలు, ఆర్గన్లు తయారుచేసే కర్మాగారం ఉండేది. అక్కడ నేర్చిన పనితనంతో, హార్మోనియంలో ఉండేలాంటి గాలితిత్తుల మీద చిన్న కాక్‌పిట్‌ను నిలబెట్టి, కర్ర కదిపితే అది ఒరిగేలా లింక్ 1929లో ఒక యంత్రం తయారుచేశాడు. మొదట్లో దాన్ని కొన్నవాళ్లలో వినోద పార్కులవాళ్లే ఎక్కువ. 1934లో అమెరికా ప్రభుత్వం టపా రవాణాను సైనిక విమానాలకు అప్పగించింది. మబ్బుల్లో, మంచులో పరికరాలను మాత్రమే చూసుకుంటూ నడపడం అలవాటు లేని సైనిక పైలట్లు కొద్ది వారాల్లోనే వరుస ప్రమాదాల్లో చనిపోయారు. అప్పుడు సైన్యం లింక్ యంత్రాలను ఆరింటిని కొన్నది. రెండో ప్రపంచయుద్ధం ముగిసేసరికి అలాంటివి సుమారు 10 వేలు తయారయ్యాయి. అయిదు లక్షల మంది వరకు వాటిలో శిక్షణ పొందారు. నీలం రంగు వేసిన ఆ పెట్టెకు కిటికీ ఉండేది కాదు. మూత వేస్తే లోపల చీకటి, వెలిగే ముళ్లు. బయట శిక్షకుడి బల్ల మీద మూడు చక్రాల చిన్న పరికరం సిరాతో గీత గీస్తూ మ్యాపు మీద పాకేది. దాన్ని అందరూ పీత అనేవారు. విద్యార్థి ఎక్కడ దారి తప్పాడో మూత తీసేలోపే కాగితం మీద తేలిపోయేది.

ఇళ్లలోకి ఈ విద్యను తెచ్చినవాడు బ్రూస్ ఆర్ట్‌విక్. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదువుతూ, విమానం కదలికను బట్టి మారే దృశ్యాన్ని కంప్యూటర్‌తో గీయించడం మీద 1975లో సిద్ధాంతవ్యాసం రాశాడు. ఆయన స్వయంగా విమానం నడిపేవాడు. తర్వాత స్టూ మోమెంట్‌తో కలిసి సబ్‌లాజిక్ సంస్థ పెట్టాడు. 1980 మొదట్లో యాపిల్ 2 కంప్యూటర్ కోసం వాళ్లు తెచ్చిన ఫ్లైట్ సిమ్యులేటర్ క్యాసెట్ మీద వచ్చింది. అందులో ప్రపంచమంటే నిలువునా అడ్డంగా ఆరేసి చొప్పున 36 గళ్లు, ఒక పక్కన గీతలతో వేసిన కొండలు. బొమ్మ సెకనుకు మూడు నాలుగు సార్లు మాత్రమే మారేది. కర్ర కదిపిన ఫలితం తెర మీదికి వచ్చేలోపే విమానం ఇంకొంచెం ఒరిగిపోయేది. అందుకని నడిపేవాళ్లు కదలికను ముందుగానే ఊహించి చేయి వెనక్కి తీసుకోవడం నేర్చుకున్నారు. నిజమైన పెద్ద విమానాల్లోనూ అదే నేర్పు కావాలి కాబట్టి ఈ లోపం తెలియకుండానే పాఠమైంది.

మైక్రోసాఫ్ట్ ఆ ప్రోగ్రామ్‌కు లైసెన్స్ తీసుకుని 1982 నవంబరులో ఐబీఎం పీసీ కోసం విడుదల చేసింది. విచిత్రంగా దానికి ఆకాశంతో సంబంధం లేని ప్రాముఖ్యం కూడా వచ్చింది. ఐబీఎం నమూనాలో ఇతర సంస్థలు తయారుచేసిన కంప్యూటర్లు నిజంగా దానికి సరితూగుతాయో లేదో చూడటానికి లెక్కల పట్టికలు వేసే లోటస్ 1-2-3తో పాటు ఫ్లైట్ సిమ్యులేటర్‌ను నడిపి చూసేవారు. ఈ ప్రోగ్రామ్ యంత్రంలోని మూలమూలలనూ నేరుగా వాడుకునేది కనుక చిన్న తేడా ఉన్నా మొరాయించేది. అలా లెక్కల పుస్తకమూ విమానమూ ఒకే దుకాణంలో ఒకే పరీక్షకు నిలబడ్డాయి.

ఆ విడుదలలో విమానం సెస్నా 182. ప్రోగ్రామ్ తెరిచిన ప్రతిసారీ అది షికాగోలోని మెగ్స్ ఫీల్డ్ విమానాశ్రయంలో 36 నంబరు రన్‌వే మీద, ఉత్తరముఖంగా నిలబడి ఉండేది. కుడివైపు మిషిగన్ సరస్సు, ఎడమవైపు అప్పట్లో ప్రపంచంలోకెల్లా ఎత్తయిన సియర్స్ టవర్. షికాగో, న్యూయార్క్-బోస్టన్, సియాటిల్, లాస్ ఏంజెలెస్ పరిసరాలు మాత్రమే కాస్త వివరంగా ఉండేవి. వాటిని దాటితే నేల ఉత్త పచ్చటి బయలు. దారి చూపే ఊరు గాని, రోడ్డు గాని, వాగు గాని కనిపించదు. అక్కడి నుంచి విమానాన్ని గమ్యానికి చేర్చేవి రేడియో సంకేతాలే.

వీఓఆర్ అనే నేల మీది రేడియో కేంద్రం రెండు సంకేతాలు పంపుతుంది. ఒకటి అన్ని దిక్కులకూ ఒకేలా వెళ్తుంది, రెండోది గుండ్రంగా తిరుగుతుంది. ఈ రెండింటి మధ్య తేడాను కొలిచి, తాను ఆ కేంద్రానికి ఏ డిగ్రీ గీత మీద ఉన్నదో విమానంలోని పరికరం చెబుతుంది. ఒక కేంద్రం ఒక గీతనే ఇస్తుంది. ఎక్కడున్నామో తెలియాలంటే రెండో కేంద్రానికి రేడియో తిప్పి, రెండో గీత పట్టుకుని, రెండూ మ్యాపు మీద గీసి, కలిసిన చోట చుక్క పెట్టాలి. చుక్క పెట్టేలోపే విమానం ముందుకు పోయి ఉంటుంది. 120 నాట్ల వేగమంటే నిమిషానికి రెండు నాటికల్ మైళ్లు. అందుకే గడియారం కావాలి. సరిగ్గా కేంద్రం మీదికి వచ్చినప్పుడు ముల్లు తడబడి, చూపే గుర్తు తారుమారవుతుంది. ఆ క్షణాన్ని రాసిపెట్టుకున్నవాళ్లకు తర్వాతి లెక్క తేలిక. రాసుకోనివాళ్లు పచ్చటి బయలు మీద గంటసేపు తిరిగి, ఇంధనం అయిపోయి ఎక్కడో దిగేవారు.

ఆ తరం తొలి సుదూర ప్రయాణంగా చాలామంది చేసింది మెగ్స్ నుంచి శాంపేన్‌కు వెళ్లడం. దూరం సుమారు 110 నాటికల్ మైళ్లు. సెస్నాలో గంట కంటే కాస్త తక్కువ. సరస్సు ఒడ్డు వదిలి దక్షిణానికి తిరగాలి. రేడియోలో 114.2 పెట్టి షికాగో హైట్స్ కేంద్రాన్ని అందుకోవాలి, ఆ తర్వాత 110.0కు మార్చి శాంపేన్ గీతను పట్టాలి. మధ్యలో చూడటానికి ఏమీ లేదు. ఇంట్లోవాళ్లకు అది ఒక మనిషి ఖాళీ తెరను గంటసేపు కన్నార్పకుండా చూస్తున్నట్టు ఉండేది. చివరికి ముందున్న పచ్చదనంలో సన్నటి గీత ఒకటి లేచి, దగ్గరయ్యేకొద్దీ రన్‌వేగా వెడల్పయ్యేది. ఆ విమానాశ్రయం ఇలినాయ్ విశ్వవిద్యాలయానిది. ఆర్ట్‌విక్ చదివిన ఊరూ, సబ్‌లాజిక్ నడిచిన ఊరూ అదే. దారి కనుక్కుంటూ వచ్చినవాళ్లు ఆ సంగతి తెలియకుండానే ప్రోగ్రామ్ పుట్టింటికి చేరుకునేవారు.

దిగడానికీ లెక్కలే. మూడు డిగ్రీల వాలుతో దిగాలంటే ఎత్తును వేల అడుగుల్లో తీసుకుని మూడుతో హెచ్చించాలి. వచ్చినన్ని నాటికల్ మైళ్ల ముందు దిగడం మొదలుపెట్టాలి. 30 వేల అడుగుల్లో ఉంటే 90 మైళ్ల ముందు. నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలో తెలియాలంటే నేల మీది వేగాన్ని అయిదుతో హెచ్చించాలి. 120 నాట్లకు 600 అడుగులు. ఇవి నిజమైన పైలట్లు నోటికి వేసుకునే సూత్రాలే. వీటిని ఎన్నడూ కాక్‌పిట్‌లో కాలుపెట్టని బడిపిల్లలు, బ్యాంకు గుమాస్తాలు, రిటైరైన ఉపాధ్యాయులు ఎక్కాల్లా అప్పజెప్పేవారు. ప్రోగ్రామ్‌తో వచ్చిన మాన్యువల్‌లో సగం ఆటకు సంబంధించింది కాదు. రెక్క ఎందుకు లేస్తుంది, స్టాల్ అంటే ఏమిటి, మేఘంలో తల ఎందుకు తిరుగుతుంది అనే చిన్న పాఠ్యపుస్తకమది.

ఇంకొక పఠనవ్యాపకం కూడా దాన్ని అంటిపెట్టుకుని పెరిగింది. చార్లెస్ గ్యూలిక్ 1985 ప్రాంతంలో రాసిన సాహసాల పుస్తకం లాంటివి వచ్చాయి. అందులో ప్రతి కథకూ ముందు కొన్ని అంకెలుంటాయి: ఉత్తరం ఇంత, తూర్పు ఇంత, ఎత్తు ఇంత, దిక్కు ఇంత. వాటిని ప్రోగ్రామ్‌లో టైపు చేస్తే విమానం ఆ చోటుకు వెళ్లి నిలబడుతుంది. ఆపైన పేజీ తిప్పుతూ చదువుతూ నడపాలి. కిటికీలోంచి ఏం కనిపిస్తోందో పుస్తకం చెబుతుంది, తెర మీద ఉన్నది త్రికోణం మాత్రమే. సబ్‌లాజిక్ అమెరికాలోని ప్రాంతాలను విడివిడి డిస్కులుగా అమ్మింది. జపాన్‌కూ పశ్చిమ యూరప్‌కూ కూడా డిస్కులు తెచ్చింది. కొత్త డిస్కు కొనడమంటే కొత్త దేశం కొనడమే. డబ్బు లేనివాళ్లు ఉన్న దేశంలోనే వానలోనూ చీకట్లోనూ ఎగిరి దాన్ని పెద్దది చేసుకున్నారు.

1993లో వచ్చిన ఫ్లైట్ సిమ్యులేటర్ 5.0తో నేల మీద ఛాయాచిత్రాల అతుకులు పడ్డాయి. 1995 చివర సబ్‌లాజిక్ విడిచాక ఆర్ట్‌విక్ పెట్టుకున్న సంస్థను మైక్రోసాఫ్ట్ కొనేసింది. 1999 నాటి విడుదలకు ప్రపంచవ్యాప్తంగా 20 వేలకు పైగా విమానాశ్రయాలు చేరాయి, కాక్‌పిట్‌లో జీపీఎస్ వచ్చింది. మెజెంటా రంగు గీత వెంట పోతే చాలు. ఆ గీతను వాడకుండా మూసేసి ఎగరడం పాతకాపులకు ఒక పట్టింపు అయింది. పట్టింపుగా మారిన విద్య ఎక్కువ కాలం నిలవదు. కొత్తగా చేరినవాళ్లకు కోణమానిని ఎందుకో చెప్పేవాళ్లు కూడా క్రమంగా తగ్గారు.

మన దేశంలో ఈ అభిరుచి ఆలస్యంగా, 1990ల రెండో సగంలో, ఇంటి కంప్యూటర్లతో పాటు వచ్చింది. పద్నాలుగు అంగుళాల మానిటర్, పెంటియం యంత్రం. అసలు సీడీ ధర మధ్యతరగతికి అందేది కాదు కనుక స్నేహితుడి దగ్గర నుంచి చేతులు మారి వచ్చిన నకలు సీడీయే ఎక్కువమందికి తొలి విమానం. దానితో మాన్యువల్ వచ్చేది కాదు. ఏ మీట ఏం చేస్తుందో ఒక్కొక్కటే నొక్కి చూసి నోటుపుస్తకం వెనక రాసుకునేవారు. కంప్యూటర్ పత్రికలతో వచ్చే ఉచిత సీడీల్లో కొత్త విమానాలు దొరికేవి. వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్ మొదలుపెట్టాక విదేశీ ఔత్సాహికులు చేసిపెట్టిన ఫైళ్లు అందుబాటులోకి వచ్చాయి. అయిదు మెగాబైట్ల ఫైలుకు అరగంట పైనే టెలిఫోన్ లైను ఆగిపోయేది. సగంలో లైను తెగితే మళ్లీ మొదటి నుంచి. నాలుగు గంటల ప్రయాణంలో మూడున్నర గంటలయ్యాక కరెంటు పోవడం ఇక్కడివాళ్ల ప్రత్యేక అనుభవం. ఆ ప్రమాదానికి ఏ మాన్యువల్‌లోనూ చికిత్స లేదు. మనవాళ్లు దాన్ని వాతావరణంలో భాగంగానే లెక్కవేసుకున్నారు.

హైదరాబాదులో పెరిగినవాళ్లకు ఈ తెర వెనక నిజమైన నేపథ్యం ఒకటి ఉండేది. బేగంపేట విమానాశ్రయం ఊరి నడిబొడ్డునే ఉంది. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ డకోటాలు అక్కడి నుంచే ఎగిరాయి. 1953 జాతీయీకరణలో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లకు అసలైన సిమ్యులేటర్ శిక్షణ ఇచ్చే సెంట్రల్ ట్రైనింగ్ ఎస్టాబ్లిష్‌మెంట్ కూడా హైదరాబాదులోనే ఉండేది. తూర్పు పడమరలుగా ఉన్న రన్‌వేకు దిగే విమానం ఇళ్ల కప్పుల మీదుగా, చక్రాలు లెక్కపెట్టగలిగేంత కిందుగా వచ్చేది. మేడ మీద బట్టలు ఆరేసేవాళ్లు కూడా చప్పుడు విని బోయింగో ఎయిర్‌బస్సో చెప్పేవారు. చుట్టాలను ఎక్కించడానికి వచ్చిన కుటుంబం విమానం మబ్బుల్లో కలిసేదాకా కదిలేది కాదు. పిల్లలు సాయంత్రం ఆ దృశ్యం చూసి, రాత్రి అదే దిగడాన్ని కంప్యూటర్‌లో సాధన చేసేవారు. దేశంలోని చాలా విమానాశ్రయాల్లాగే తెర మీది బేగంపేట కూడా రన్‌వే, కొన్ని పెట్టెలాంటి భవనాలు మాత్రమే. మిగిలిన ఊరిని ఎలాగూ చూసినవాళ్లే కదా, నింపుకున్నారు.

2008 మార్చిలో శంషాబాద్ మొదలై, బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. అప్పటికి చాలామంది వాడుతున్న 2006 నాటి విడుదల ఎఫ్ఎస్ఎక్స్‌లో శంషాబాద్ లేదు, ఉండే వీలూ లేదు. ఎవరైనా ఔత్సాహికుడు చేసిన ఫైలు తెచ్చి చేర్చుకోనివాళ్లకు హైదరాబాద్ అంటే ఇంకా బేగంపేటే. బయట ఊరు పాతిక కిలోమీటర్ల దూరం ప్రయాణించి విమానం ఎక్కుతుంటే, వాళ్ల బల్లల మీద సాయంత్రం ఢిల్లీ విమానం సికింద్రాబాదు మీదుగానే దిగుతోంది.

ఇలా సాఫ్ట్‌వేర్‌లో బతికి బయట పోయిన విమానాశ్రయాల్లో అందరికీ తెలిసినవి రెండు. హాంకాంగ్‌లోని కై తక్ 1998 జులై 6న మూతపడింది. అక్కడ 13 నంబరు రన్‌వేకు దిగేవాళ్లు కొండ మీద ఎరుపు తెలుపు గళ్లతో రంగువేసిన చదరంగపు పలకను చూసి, దాని ముందు కుడికి 47 డిగ్రీలు తిరిగి, మేడల మధ్య నుంచి సముద్రం వైపు దిగాలి. నిజమైన పైలట్లకు చెమటలు పట్టించిన ఆ మలుపును ఇంట్లో రాత్రంతా సాధన చేసినవాళ్లు లోకమంతా ఉన్నారు. ఆ మలుపు తిరగడం వచ్చిందంటే ఆ బృందాల్లో అది పట్టా పుచ్చుకున్నట్టే లెక్క.

రెండోది మెగ్స్. 1948 డిసెంబరులో తెరుచుకున్న ఆ చిన్న విమానాశ్రయం రన్‌వే పొడవు నాలుగు వేల అడుగులు కూడా లేదు. షికాగో మేయర్ రిచర్డ్ డేలీ అక్కడ పార్కు కట్టాలనుకున్నాడు. 2003 మార్చి 30 అర్ధరాత్రి బుల్డోజర్లు వచ్చి రన్‌వే మీద పెద్ద పెద్ద ఇంటూ గుర్తులు తవ్వేశాయి. తెల్లారేసరికి 16 విమానాలు అక్కడే చిక్కుకున్నాయి. తర్వాత పక్కనున్న టాక్సీవే మీద నుంచి వాటిని ఎగరనిచ్చారు. ముందస్తు సమాచారం ఇవ్వనందుకు నగరానికి 33 వేల డాలర్ల జరిమానా పడింది. మేయర్ భద్రతా కారణాలు చెప్పాడు గాని, అర్ధరాత్రి పనికి అది నమ్మదగ్గ సంజాయిషీ కాదు. ఇరవయ్యేళ్లుగా ఈ అభిరుచిలోకి వచ్చినవాళ్లు తొలిసారి టేకాఫ్ చేసిన చోటు అదే కావడంతో, షికాగోలో ఎన్నడూ అడుగుపెట్టనివాళ్లు కూడా బాధపడ్డారు. అదే ఏడాది విడుదలైన ప్రోగ్రామ్‌లో విమానం మెగ్స్‌కు బదులు సియాటిల్‌లో నిలబడి కనిపించింది.

ఈ అభిరుచి ఒంటరితనాన్ని తగ్గించింది కూడా ఆ సంవత్సరాలే. 2001లో మొదలైన వాట్‌సిమ్ వ్యవస్థలో స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు ఇంటి నుంచే కంట్రోలర్లుగా కూర్చునేవారు. నడిపేవాడు రేడియోలో అనుమతి అడిగితే అవతల నిజమైన మనిషి గొంతు పలికేది. తప్పు చదివి చెబితే సరిదిద్దేవాళ్లు. మన నడిరాత్రి పడమటి దేశాల్లో సాయంత్రం కనుక మన దేశంలోని ఔత్సాహికుల నిద్రవేళలు తలకిందులయ్యాయి. తెర మీద తప్ప ఎక్కడా లేని విమానసంస్థలు పుట్టాయి. వాటికి సమయపట్టికలు, హోదాలు, నెలకు ఇన్ని గంటలు ఎగరాలన్న నియమాలు ఉండేవి. జీతం మాత్రం లేదు. ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లే మనిషి కూడా ఈ సంస్థ టైముకు మాత్రం పట్టుగా ఉండటం ఆ కాలపు ముచ్చట. ప్లైవుడ్‌తో సగం గదిలో కాక్‌పిట్ కట్టుకున్నవాళ్లూ, పాత విమానాల్లోంచి తీసిన మీటలు కొని బిగించుకున్నవాళ్లూ ఉన్నారు.

వృత్తిలోనివాళ్లు దీన్ని ఎంతకాలం పిల్లలాట అనుకున్నారో చెప్పలేం గాని, 1997లో అమెరికా విమానయాన అధికారులు ఆమోదం పొందిన ఇంటి కంప్యూటర్ పరికరాల మీద చేసిన సాధనను, పరికరాలతో నడిపే అర్హతకు 10 గంటల వరకు లెక్కలోకి తీసుకోవచ్చని నిర్ణయించారు. ఆ దశాబ్దం చివర అమెరికా నౌకాదళం తన విద్యార్థి పైలట్లకు ఫ్లైట్ సిమ్యులేటర్ ఇచ్చి ఇంటి దగ్గర సాధన చేయించింది. 2001 సెప్టెంబరు 11 తర్వాత అదే సాఫ్ట్‌వేర్ అనుమానంగా చూడవలసిన వస్తువైంది. ఆ అక్టోబరులో వచ్చిన విడుదలలో న్యూయార్క్ జంట భవనాలను తీసేశారు.

2009 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఈ ప్రోగ్రామ్ తయారుచేసే ఏసెస్ స్టూడియోను మూసేసింది. 2012లో తెచ్చిన వేరే రూపం కొన్ని నెలలకే ఆగింది. ఆ ఖాళీలో ఆస్టిన్ మేయర్ 1990ల నుంచి అభివృద్ధి చేస్తున్న ఎక్స్-ప్లేన్‌ను, పాత ఎఫ్ఎస్ఎక్స్‌నూ పట్టుకుని నిలిచినవాళ్లే మిగిలారు. 2020 ఆగస్టు 18న ఫ్రాన్స్‌లోని అసోబో స్టూడియో చేసిన కొత్త ఫ్లైట్ సిమ్యులేటర్ వచ్చింది. భూగోళమంతటి ఉపగ్రహ చిత్రాలు అవసరమైనప్పుడు ఇంటర్నెట్ నుంచి దిగుతాయి. పెట్టెలో కొనాలనుకున్నవాళ్లకు ఇచ్చిన కాపీకి 10 డీవీడీలు పట్టాయి. ఇప్పుడు ఎవరైనా మొదట చేసే పని తమ ఇంటి మీదికి ఎగిరి కప్పు చూసుకోవడం. దానికి మ్యాపూ అక్కర్లేదు, రేడియో గీతా అక్కర్లేదు. కిటికీలోంచి చూస్తే చాలు. నలభయ్యేళ్లు కావాలని కోరుకున్నది అదే కనుక ఎవరినీ తప్పుపట్టే వీలు లేదు.

బయటి ఆకాశంలోనూ అదే దారి. జీపీఎస్ వచ్చాక దిక్కు చూపే ఎన్‌డీబీ అనే రేడియో దీపాలను చాలా దేశాలు ఒకటొకటిగా ఆపేస్తున్నాయి. అమెరికా సుమారు 900 వీఓఆర్ కేంద్రాల్లో మూడో వంతును తగ్గించుకునే పని పెట్టుకుంది. విమానయాన సమాచారం 28 రోజులకొకసారి కొత్తదవుతుంది. సిమ్యులేటర్లకు కూడా అదే వరసలో వస్తుంది. పాత డకోటాలనూ బోయింగ్ 707లనూ నడిపేవాళ్లు కొందరు ఆ కొత్త సమాచారాన్ని చేర్చుకోరు. ఆగిపోయిన కేంద్రాలను పాత మ్యాపులు వెదికి, పౌనఃపున్యాలు రాసుకుని, ఫైళ్లుగా చేసి తిరిగి పెట్టుకుంటున్నారు. అలాంటి ఫైళ్లలో మెగ్స్ రన్‌వే కూడా ఉంది, కై తక్ చదరంగపు పలక కూడా ఉంది.